గాజుకు బరువు తెచ్చినవాళ్లు

ఐప్యాడ్‌లో వైబ్రేషన్ మోటారు ఉండదు. ఫోనులో టైపు చేస్తుంటే వేలి కింద సన్నటి అదురు తెలుస్తుంది కదా, దాన్ని పుట్టించే చిన్న యంత్రాన్ని ఆపిల్ కంపెనీ ఇంతవరకు ఏ ఐప్యాడ్‌లోనూ పెట్టలేదు. సినిమా చూడటానికి, పీడీఎఫ్ చదవటానికి దానితో పనిలేదు కాబట్టి మామూలుగా వాడేవాళ్లకు ఆ లోటు తెలియదు. ఆటలు తయారుచేసేవాళ్లకు మాత్రం అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. వాళ్ల చేతికి దొరికింది నున్నటి గాజు పలక. దాని మీద వేలు ఎటు జరిపినా ఒకటే జారుడు. బొమ్మలో ఉన్నది ఇనప్పెట్టె మూతైనా, పట్టుగుడ్డైనా గాజుకు తేడా లేదు. ఆ గాజు మీద తాళంచెవి తిప్పుతున్నప్పుడు లోపల గడియ బిగువుగా ఉందని మన వేలికి అనిపించాలి. అలా అనిపించేలా చేసినవాళ్లున్నారు. కొత్త టాబ్లెట్ చేతికొచ్చినప్పటి నుంచి నేను వాళ్ల పనితనాన్నే చూస్తూ కూర్చుంటున్నాను.

నా దగ్గరున్నది మామూలు ఐప్యాడ్, 2025 మార్చిలో వచ్చిన ఏ16 చిప్ రకం. మన దేశంలో దాని ధర 34,900 రూపాయల దగ్గర మొదలైంది. ఎయిర్, ప్రో అని ఇంతకన్నా ఖరీదైనవి ఉన్నాయి. బరువు 477 గ్రాములు, మందం 7 మిల్లీమీటర్లు. తెర మీద పొడవునా 2360 చుక్కలు, అడ్డంగా 1640, అంగుళానికి 264 లెక్కన. తెలుగు చదివేవాళ్లకు ఈ లెక్క చాలా అవసరం. 'రాష్ట్రం' లాంటి మాటలో ఒత్తు కింద ఒత్తు అలుక్కుపోకుండా విడివిడిగా కనిపించేది ఆ చిక్కదనం వల్లే. పాత పుస్తకాల స్కాన్ కాపీలు చదువుతుంటే అచ్చులో సిరా పాకిన చోటు కూడా తెలుస్తుంది.

ఖరీదైన రకాల్లో పై గాజునూ లోపలి తెరనూ కలిపి అంటించేస్తారు. ఈ రకంలో రెంటి మధ్యా సన్నటి ఖాళీ వదిలేశారు. వేలితో తడితే కొంచెం బోలు చప్పుడు వస్తుంది. బొమ్మ గాజుకు అంటుకుని కాక, వెంట్రుకవాసి లోతున ఉన్నట్టుంటుంది. సమీక్షలు రాసేవాళ్లు దీన్ని లోపంగానే లెక్కిస్తారు. పెన్నుతో బొమ్మలు గీసేవాళ్లకు అది లోపమే. నేను చెప్పబోయే ఆటల్లో మాత్రం వస్తువు గాజు కింద ఎక్కడో నిజంగా ఉందన్న భ్రమకు ఆ లోతు కాస్త సాయపడుతుంది.

హైదరాబాద్‌లో, మా పేటలో టాబ్లెట్ అంటే ముందుగా చదువు వస్తువు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో చదువుకునే హాళ్లలో చూస్తే గ్రూప్స్‌కు, ఎస్సై పరీక్షలకు, డీఎస్సీకి తయారయ్యేవాళ్ల ముందు ఒక పక్క తెలుగు అకాడమీ పుస్తకం, ఇంకో పక్క స్టాండుకు ఆనించిన టాబ్లెట్ ఉంటాయి. అశోక్‌నగర్ సందుల్లో కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, కర్రీ పాయింట్లు, జిరాక్స్ షాపులు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. ఒకప్పుడు ఆ జిరాక్స్ షాపుల్లో మోయలేనన్ని నోట్సులు స్పైరల్ బైండింగు చేయించుకుని పోయేవాళ్లు. ఇప్పుడు అందులో సగం పీడీఎఫ్‌లుగా మారి టాబ్లెట్‌లోకి చేరింది. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి నారాయణగూడలో దిగేలోపు కరెంట్ అఫైర్స్ వీడియో చూసేవాళ్లు ఎప్పుడూ కనిపిస్తారు. మా మేనల్లుడూ వాళ్లలో ఒకడు. నల్లగొండ నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ గ్రూప్-2కు చదువుతున్నాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి వస్తాడు. వాడి లెక్కలో టాబ్లెట్ మీద ఆట అంటే చదువు పాడుచేసే వస్తువు. వాడి ఈడు పిల్లల్లో చాలామంది అలాగే అనుకుంటారు, ఫోనులో వాళ్లు చూసిన ఆటలు అలాంటివి మరి. రెండు నిమిషాలకో ప్రకటన, ఐదు నిమిషాలకో 'కొనండి' బటన్.

ఆటల్లోకి వెళ్లేముందు వేలి సంగతి చెప్పుకోవాలి. ఇప్పటి టాబ్లెట్ తెరలో గాజు కింద కంటికి కనిపించని విద్యుత్ వాహకపు పూత అడ్డంగా, నిలువుగా గళ్లుగళ్లుగా పరిచి ఉంటుంది. దానికి ఎక్కువగా వాడేది ఇండియం టిన్ ఆక్సైడ్. ఆ గళ్లలో చాలా సన్నటి విద్యుత్ క్షేత్రం నిలిచి ఉంటుంది. మన ఒళ్లు కూడా విద్యుత్ వాహకమే. వేలు గాజును తాకగానే ఆ చోట క్షేత్రం కొంచెం మారుతుంది. ఏ గడి దగ్గర ఎంత మారిందో లోపలి చిప్ ఎడతెగకుండా లెక్కగడుతూ ఉంటుంది. నొక్కాల్సిన పనే లేదు, ఆనితే చాలు. అందుకే ఉత్త గోటి కొనతో గీకితే పలకదు, చేతికి మామూలు గ్లవుజు తొడిగినా పలకదు.

ఇంతకు ముందు తరం తెర వేరు. అది హైదరాబాదుకు బాగా దగ్గరి కథ. 2011 అక్టోబర్ 5న అప్పటి కేంద్రమంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో 'ఆకాశ్' టాబ్లెట్‌ను విడుదల చేశారు. విద్యార్థుల కోసం ప్రపంచంలోకెల్లా చవకైన టాబ్లెట్ అని అన్ని పత్రికలూ రాశాయి. డేటావిండ్ కంపెనీ దాన్ని రూపొందిస్తే, తయారైంది మన హైదరాబాద్‌లో, క్వాడ్ అనే సంస్థ చేతిలో. 7 అంగుళాల తెర, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్. ప్రభుత్వానికి ఒక్కోటి సుమారు 2,250 రూపాయలు పడింది. ఆ డబ్బుకు అంత వస్తువు చేసి పిల్లల చేతిలో పెడదామన్న పట్టుదలకు నేను ఇప్పటికీ దండం పెడతాను. కానీ దాని తెర రెసిస్టివ్ రకం. రెండు పొరలుంటాయి, పై పొర వంగి కింది పొరను తాకితే తప్ప వేలు ఉన్నట్టు తెలియదు. గట్టిగా నొక్కాలి. వేలితో గీత లాగుతూ పట్టు కాస్త సడలిస్తే గీత మధ్యలో తెగిపోతుంది. అలాంటి తెర మీద బటన్ నొక్కవచ్చు, ఒక వస్తువును పట్టుకుని మెల్లగా తిప్పటం మాత్రం కుదరదు. 2012 నవంబర్‌లో వచ్చిన ఆకాశ్-2లో తెర మార్చేశారు, ఆనితే పలికే కెపాసిటివ్ రకం పెట్టారు. చవకలో చవకైన టాబ్లెట్‌కు కూడా ఆ మార్పు తప్పలేదంటే వేలికి ఆ సుఖం ఎంత ముఖ్యమో అర్థమవుతుంది.

సరిగ్గా ఆ 2012లోనే, సెప్టెంబర్‌లో, 'ది రూమ్' అనే ఆట ఐప్యాడ్ మీదికి వచ్చింది. ఇంగ్లండ్‌లోని గిల్డ్‌ఫర్డ్ పట్టణంలో ఫైర్‌ప్రూఫ్ గేమ్స్ అనే చిన్న సంస్థ దాన్ని చేసింది. ఆ సంస్థను పెట్టిన ఆరుగురూ అంతకు ముందు క్రైటీరియన్ అనే పెద్ద స్టూడియోలో కార్ల పందేల ఆటలకు బొమ్మలు చేసినవాళ్లు. బయటికొచ్చాక నాలుగేళ్లు ఇతరుల ఆటలకు కూలిపని చేశారు. సొంతంగా చేసిన మొదటి ఆట ఇది. ఆ ఏడాది ఆపిల్ దీన్ని ఐప్యాడ్ ఆటల్లో మేటిగా ఎంచింది, మరుసటి ఏడాది బ్రిటన్ సినిమా అకాడమీ బాఫ్టా వాళ్లు ఉత్తమ బ్రిటిష్ ఆటగా బహుమతి ఇచ్చారు.

ఆటలో ఉన్నదల్లా ఒక చీకటి గది, మధ్యలో బల్ల, బల్ల మీద పెట్టె. శత్రువులు లేరు, గడియారం పరుగెత్తదు, పాయింట్లు లేవు. పెట్టెను తెరవాలి, అంతే. తెరిస్తే లోపల ఇంకో పెట్టె, ఇంకా నగిషీతో. ఒక వేలితో లాగితే పెట్టె చుట్టూ తిరిగి చూడవచ్చు. ఏదైనా చోట రెండుసార్లు తడితే దగ్గరికి వెళ్తాం, రెండు వేళ్లు దగ్గరికి చేర్చితే వెనక్కి వస్తాం. ఇంతకు మించి నేర్చుకోవాల్సింది లేదు. తెర మీద బటన్లు గానీ, ఉత్తుత్తి జాయ్‌స్టిక్ గానీ ఉండవు. టీవీ ఆటను తెచ్చి టాబ్లెట్‌లో దించి, మూలల్లో రెండు గుండ్రాలు గీసి 'బొటనవేళ్లు ఇక్కడ పెట్టండి' అనే ఆటలు వందలున్నాయి. అక్కడ గాజు బటన్లకు నకలు మాత్రమే. ది రూమ్‌లో వేలే పనిముట్టు.

ఇక తాళంచెవి. ఎడమ అంచున మన దగ్గరున్న వస్తువులు వరుసగా ఉంటాయి. అందులోంచి తాళంచెవిని లాగి రంధ్రం దగ్గర వదిలితే అది లోపలికి వెళ్తుంది, ఒక్కసారిగా కాదు, పళ్లు ఒకదాని తర్వాత ఒకటి గాట్లను దాటుకుంటూ, చిన్న లోహపు రాపిడి చప్పుడుతో. అంతటితో తాళం తెరుచుకోదు. వేలు తాళంచెవి మీద ఆనించి, అర్ధచంద్రాకారంగా తిప్పాలి. ఇక్కడ నెమ్మదిగా చూడండి. వేలు కదిలిన మరుక్షణమే చెవి కదలదు, తనకొక బరువున్నట్టు కాస్త వెనకబడి బయల్దేరుతుంది. మధ్యలో వేలు ఆపితే చెవి ఆగినచోట కొంచెం ఒదిగి సర్దుకుంటుంది. చివరికొచ్చేసరికి గడియ జారే చప్పుడు 'టక్'మని వస్తుంది, సరిగ్గా చెవి ఆగిన క్షణంలో. ఆ తర్వాత ఒక్క ఊపిరంత నిశ్శబ్దం. అప్పుడు మూత తనంతట తాను కదులుతుంది.

ఆ నిశ్శబ్దాన్ని పెట్టినవాడెవడో చేతిపని తెలిసినవాడు. నిజం తాళం తెరిచినప్పుడు మనమే ఆగుతాం, చెయ్యి చెవి మీంచి మూత మీదికి మారటానికి పట్టే వ్యవధి అది. ఆటలో చెయ్యి మారే పనిలేదు. అయినా ఆ వ్యవధిని ఉంచారు. తీసేస్తే ఆట ఏ రకంగానూ దెబ్బతినదు, తాళం మాత్రం ఉత్త బొమ్మైపోతుంది.

ఈ ఐప్యాడ్ తెర సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది. అంటే ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్య దొరికేది సెకనులో అరవయ్యో వంతు. అంత వ్యవధిలో వేలు ఎక్కడుందో తెలుసుకోవాలి, చెవి ఎంత తిరగాలో లెక్కగట్టాలి, ఇత్తడి మీద వెలుగు ఎక్కడ పడాలో చూసుకోవాలి, చప్పుడు వేళ కుదర్చాలి. యంత్రం చేతగాక వెనకబడితే మనకు చిరాకొస్తుంది. కావాలని, కొలతగా వెనకబడితే అది బరువుగా తోస్తుంది. రెండింటికీ మధ్య తేడా కొద్ది మిల్లీసెకన్లే. ఆ కొద్దిపాటిని పట్టుకోవటానికి ఎన్నిసార్లు మార్చి మార్చి చూసుకుని ఉంటారో కదా అనిపిస్తుంది.

సొరుగులకు ఒక తీరు, చక్రాలకు ఒక తీరు. చెక్క సొరుగు లాగితే మొదట్లో పట్టేసి, తర్వాత సాఫీగా వచ్చి, చివర్లో మెత్తగా కొట్టుకుంటుంది. ఇత్తడి చక్రం తిప్పితే ఒక్కో పంటి దగ్గర ఒక్కో చిటుకు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే చిటుకు చిటుకుకూ తేడా కూడా తెలుస్తుంది. చెక్కేదో, ఇనుమేదో, ఇత్తడేదో కళ్లు మూసుకుని చెప్పవచ్చు. వేలికి చెప్పలేని మాటను చెవికి చెప్పి, చెవి ద్వారా వేలిని నమ్మించారు. మోటారు లేని గాజుకు ఇంతకన్నా దారి లేదు. ఉన్న ఒక్క దారినీ వీళ్లు చివరిదాకా నడిచారు.

మా మేనల్లుడికి ఒక ఆదివారం ఈ పెట్టె ఇచ్చాను. ముందు ఊరికే గబగబా అటూ ఇటూ గీకాడు. పెట్టె వాడి తొందరకు లొంగలేదు. కాసేపటికి వేలు నెమ్మదించింది. మొదటి తాళం తెరుచుకోగానే తలెత్తి, "మామా, ఇది నిజం తాళం లెక్కనే తిరుగుతుంది" అన్నాడు. ఇంకాసేపటికి, "ఎవరన్న చూపిస్తరా, మనమే ఎతుక్కోవాల్నా?" అని అడిగాడు. ఎక్కువసేపు ఏమీ తోచక ఉండిపోతే మూలన ఒక ప్రశ్న గుర్తు వెలుగుతుంది. తాకితే ఒక మాట సాయం చెబుతుంది. ఇంకా తోచకపోతే కాసేపాగి మరో మాట, ఇంకొంచెం విడమరిచి. వాడు దాన్ని తాకలేదు. అన్నం చల్లారిపోతోందని వాళ్ల అత్తయ్య రెండుసార్లు పిలిచింది.

ఆటలో మనకొక కంటద్దం ఇస్తారు. అది పెట్టుకుని చూస్తే పెట్టె మీద మామూలు కంటికి ఆనని గీతలు కనిపిస్తాయి. కొన్ని చోట్ల అవి ముక్కలు ముక్కలుగా చెదిరి ఉంటాయి. పెట్టెను తిప్పుతూ తిప్పుతూ సరిగ్గా ఒక కోణానికి తెస్తే ఆ ముక్కలన్నీ కలిసి ఒక గుర్తుగా నిలుస్తాయి. కోణం వెంట్రుకవాసి తప్పితే మళ్లీ ముక్కలే. చూసే చోటే తాళంచెవి అన్నమాట. ఈ చిన్న కిటుకును తీసుకుని ఇంకొకరు ఏకంగా ఒక లోకాన్నే కట్టారు, దాని దగ్గరికి వస్తాను.

బరువు గురించి మాట్లాడుతున్నప్పుడు మన ఊరి పనివాళ్లను తలచుకోకుండా ఉండలేను. అదే 2012లో, జూలై 6న, 'ఈగ' విడుదలైంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమా చూడటమంటే మా పేటవాళ్లకు ఇంటి గుమ్మం దిగటమే. రాజమౌళి సినిమాకు ఆ ఈగను హైదరాబాద్‌లోని మకుట వీఎఫ్ఎక్స్ వాళ్లు కంప్యూటర్‌లో చేశారు. దానికి మాట లేదు, మనిషి ముఖం లేదు. కోపం, పంతం, దుఃఖం అన్నీ తల వాల్చటంలో, కాళ్లు రుద్దటంలో, రెక్క ఆగటంలో చూపించాలి. కంప్యూటర్‌లో పుట్టిన దేనికీ పుట్టుకతో బరువు ఉండదు. ఎవరో ఒకరు కూర్చుని, ఫ్రేము ఫ్రేముకూ దానికి బరువు పోయాలి. ఆ ఈగ గాలిలో మలుపు తిరిగేటప్పుడు కాస్త పక్కకు ఒరిగి సర్దుకోవటం చూడండి, మకుటవాళ్ల చెయ్యి తెలుస్తుంది.

రెండో ఆట చాలా చిన్నది. 2014 ఫిబ్రవరిలో వచ్చిన 'థ్రీస్'. నాలుగు గళ్లు అడ్డం, నాలుగు నిలువు, వాటిలో అంకెల బిళ్లలు. ఒకటినీ రెండునూ కలిపితే మూడు, రెండు మూళ్లు కలిపితే ఆరు, రెండు ఆర్లు కలిపితే పన్నెండు. మన పిల్లల్లో ఎక్కువమందికి ఇది తెలియదు, '2048' తెలుసు. ఆ 2048 నెలరోజుల తర్వాత, థ్రీస్ ఊపులో పుట్టింది. ఇటలీ కుర్రాడు గాబ్రియేలే చిరుల్లి దాన్ని ఒక వారాంతంలో రాసి ఉచితంగా వదిలేశాడు. థ్రీస్‌ను ఆషర్ వోల్మర్, గ్రెగ్ వోల్వెండ్ కలిసి పద్నాలుగు నెలలు చేశారు. పద్నాలుగు నెలలు ఎక్కడికి పోయాయి అంటే, ఒక్కటి చెబుతాను. థ్రీస్‌లో బిళ్లలను వేలితో సగం దాకా జరిపి ఆపవచ్చు. ఏ బిళ్ల దేని మీదికి ఎక్కబోతోందో ఆ సగంలోనే కనిపిస్తుంది. నచ్చకపోతే వేలు ఎత్తకుండా వెనక్కి తెచ్చేయవచ్చు. ఎత్తు వేసినట్టు కాదు. 2048లో గీకితే గీకినట్టే, బిళ్లలన్నీ గోడకు పోయి కొట్టుకుంటాయి. దాన్ని కంప్యూటర్ కీబోర్డు మీద బాణం గుర్తులతో ఆడినా ఒకటే, టాబ్లెట్ మీద ఆడినా ఒకటే. థ్రీస్ మాత్రం వేలితోనే ఆడాలి. పావును ఎత్తి, గడి మీద పట్టుకుని ఒక క్షణం తటపటాయించే మనిషి లక్షణానికి చోటిచ్చిన ఆట అది. ఎక్కువమంది ఆడింది 2048 అయినా, పనితనంలో దానికీ దీనికీ పోలికే లేదు.

ఇప్పుడు ఆ లోకం. 'మాన్యుమెంట్ వ్యాలీ' 2014 ఏప్రిల్ 3న ఐప్యాడ్, ఐఫోన్ల మీదికి వచ్చింది. లండన్‌లోని అస్‌టూ గేమ్స్ వాళ్లది, దానికి రూపకర్త కెన్ వాంగ్ అనే ఆస్ట్రేలియా చిత్రకారుడు. ఇడా అనే తెల్ల గౌను పిల్ల కట్టడాల మధ్య నడుస్తూ గమ్యం చేరాలి. కట్టడాలు మాత్రం మామూలువి కావు. దూరం పోతున్నకొద్దీ గీతలు దగ్గరపడని ఐసోమెట్రిక్ పద్ధతిలో గీసినవి. ఆ పద్ధతిలో దగ్గరున్న మెట్టుకూ దూరంగా ఉన్న మెట్టుకూ సైజులో తేడా ఉండదు. కాబట్టి రెండూ తెర మీద ఒకదాని పక్కన ఒకటి పడితే, కన్ను వాటిని కలిపేసి చూస్తుంది. ఈ ఆటలో ఇడా కూడా అలాగే చూస్తుంది. కలిసినట్టు కనిపిస్తే కలిసినట్టే, ఆమె దాని మీద నడిచి వెళ్లిపోతుంది.

ఇలాంటి అసాధ్యపు బొమ్మలకు పాత వంశమే ఉంది. స్వీడన్ చిత్రకారుడు ఆస్కార్ రాయిటర్స్‌వార్డ్ 1934లోనే అసాధ్య త్రిభుజం గీశాడు. 1958లో లయనెల్ పెన్రోజ్, ఆయన కొడుకు రోజర్ పెన్రోజ్ అలాంటి త్రిభుజాన్నే ఒక పరిశోధన పత్రంలో పెట్టారు. ఆ కొడుకే 2020లో భౌతికశాస్త్రం నోబెల్ అందుకున్నాయన. డచ్ చిత్రకారుడు ఎషర్ 1960లో ఎంత ఎక్కినా ముగియని మెట్లనూ, 1961లో తన మీద తానే పడే జలపాతాన్నీ గీశాడు. వాళ్లందరి బొమ్మలూ కదలవు. చూసి ఆశ్చర్యపోవటం వరకే మన వంతు. మాన్యుమెంట్ వ్యాలీ ఆ మెలికను మన వేలికి అప్పగించింది. విరిగిన వంతెన దగ్గర ఒక చక్రం ఉంటుంది. తిప్పితే కట్టడంలో ఒక భాగం మెల్లగా తిరుగుతుంది, తిరిగి తిరిగి ఒక చోట రెండు కొసలూ కలిసినట్టు కనిపిస్తాయి. కలిసే చోటు దగ్గరపడగానే ఆ భాగం తనంతట తాను కొంచెం ముందుకు జరిగి కుదురుకుంటుంది. మన చెయ్యి వంకర ఆ లోకానికి అంటకుండా చేసిన ఏర్పాటది. తిప్పుతున్నంతసేపూ స్వరాలు మోగుతుంటాయి, కుదురుకున్నప్పుడు మోగేది వినటానికి పూర్తిగా ముగిసినట్టుంటుంది.

ఈ ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పనితనం ఒక చిన్న చోట ఉంది. ఆడేవాళ్లలో చాలామంది గమనించకుండా దాటిపోతారు. చక్రానికి పట్టుకోవటానికి పిడులుంటాయి. ఇడా ఆ తిరిగే భాగం మీద నిలబడి ఉంటే దాన్ని తిప్పకూడదు. ఇంకొకరైతే ఎర్ర అక్షరాలతో 'ఇప్పుడు కుదరదు' అని రాసేవారు, లేకపోతే తప్పు చేసినట్టు బుర్రుమనే చప్పుడు పెట్టేవారు. వీళ్లేం చేశారంటే, ఇడా అడుగు పెట్టగానే చక్రం పిడులు మెల్లగా లోపలికి ముడుచుకుపోతాయి. పట్టుకోవటానికి ఏమీ ఉండదు. ఆమె దిగగానే మళ్లీ బయటికొస్తాయి. ఒక్క మాట రాయలేదు, ఒక్కరినీ కసరలేదు. మనకు తెలియకుండానే చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది.

ఎనిమిదో అధ్యాయం పేరే 'పెట్టె'. ది రూమ్ ఆడినవాళ్లకు అది చూడగానే ప్రాణం లేచొస్తుంది. ఒకే పెట్టె, ఒక వైపు తెరిస్తే ఒక లోకం, మూసి మరో వైపు తెరిస్తే ఇంకో లోకం. ఫైర్‌ప్రూఫ్ వాళ్లు పెట్టెకు బరువు పోస్తే, వీళ్లు అదే పెట్టె నుంచి బరువంతా తీసేసి గాలిలో నిలబెట్టారు. ఇక్కడ ఇత్తడి రాపిడి లేదు, చెక్క కిర్రుమనదు. అయినా చక్రం వేలికి దొరికినట్టే ఉంటుంది. స్వరం ఆగినచోట వేలు ఆగుతుంది, అంతే.

మాన్యుమెంట్ వ్యాలీ పదే అధ్యాయాలు, రెండు గంటల్లో అయిపోతుంది. ఇంత చిన్న ఆటకు డబ్బులా అని అప్పట్లో కొందరు గొణిగారు. అదే ఏడాది నవంబర్‌లో మరో ఎనిమిది అధ్యాయాలు చేర్చి వాటికి విడిగా ధర పెడితే, కోపంతో ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్లూ ఉన్నారు. 2015లో దానికి బాఫ్టా బహుమతులు రెండు వచ్చాయి, ఉత్తమ బ్రిటిష్ ఆటగా ఒకటి, మొబైల్ ఆటల్లో ఒకటి. నేను గట్టిగా చెప్పేదేమంటే, రెండు గంటల పని రెండు గంటలకే ముగియాలి. ఉచితమని చెప్పి ఏళ్ల తరబడి కట్టిపడేసి, రోజూ ఏదో ఒకటి అమ్మజూపే ఆటకన్నా, ఒకసారి డబ్బు తీసుకుని, చెప్పాల్సింది చెప్పి, సెలవు తీసుకునే ఆట మర్యాద తెలిసినది. పరీక్షలకు చదువుకునే పిల్లలకు నేను ధైర్యంగా ఇవ్వగలిగేది అలాంటివే.

ఇవన్నీ చూస్తుంటే ఒక కోరిక బలంగా పుడుతుంది. మన పులిజూదం ఉంది కదా. త్రిభుజపు పటం, గీతలు కలిసేచోట్లు 23, మామూలుగా పులులు 3, మేకలు 15. ఊళ్లలో అరుగుల మీద సుద్దతో గీసి, గులకరాళ్లతోనో చింతగింజలతోనో ఆడేవాళ్లు. దక్షిణాదిన చాలా గుళ్లలో నేల బండల మీద ఈ పటాలు చెక్కి ఉంటాయి. టాబ్లెట్ల మీదా దొరుకుతుంది, రెండు మూడు రకాలు నేను ఆడాను. అన్నిట్లోనూ ఒకటే తీరు, చుక్క మీద తాకితే మేక బొమ్మ ఇక్కడ మాయమై అక్కడ తేలుతుంది. నియమాలన్నీ సరిగ్గా ఉంటాయి, రాయి మాత్రం ఉండదు. గులకరాయిని బండ మీద పెట్టినప్పుడు వచ్చే పొడి చప్పుడు, గీత వెంట వేలితో నెట్టితే పుట్టే గరగర, పులి మేక మీంచి దూకేటప్పుడు ఆడేవాడి చెయ్యి పైకి లేచి ఒక క్షణం ఆగటం, మేకలు చుట్టుముట్టి పులిని కదలకుండా చేశాక ఆ పులి రాయి ఇక ఎటు నెట్టినా జరగకుండా మొరాయించటం, ఇవన్నీ గాజు మీదికి తేవచ్చు. తాళంచెవికి చేసినవాళ్లున్నారు కాబట్టి తేవచ్చని తెలుసు. ఈగకు బరువు పోసిన ఊరికి ఇది చేతకాని పని కానే కాదు.

కొత్తగా టాబ్లెట్ కొన్నవాళ్లు మొదట ది రూమ్‌తో మొదలుపెట్టండి. రాత్రిపూట, గదిలో లైటు తగ్గించి, హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆడండి. ట్యూబులైటు కింద ఈ గాజు బాగా మెరుస్తుంది, పెట్టె మూలల్లో చీకటి పనితనమంతా ఆ మెరుపులో పోతుంది. తర్వాత రెండో భాగం (2013), మూడో భాగం (2015), 'ఓల్డ్ సిన్స్' (2018) ఆ వరసలోనే ఆడండి. నాలుగోది ఒక బొమ్మరిల్లు, ఒక్కో గదిలోకి వెళ్లి వెతకాలి, పెట్టెల పనివాళ్లుగా వాళ్ల చెయ్యి ఎంత తిరిగిందో అందులో తెలుస్తుంది. మాన్యుమెంట్ వ్యాలీని పిల్లలతో కలిసి ఆడండి, ఆరేడేళ్ల పిల్లలు మనకన్నా ముందే కోణం పట్టేస్తారు. దాని రెండో భాగం 2017లో వచ్చింది, అందులో తల్లీ కూతురూ ఇద్దరూ నడుస్తారు. థ్రీస్ మెట్రో కోసం. చిక్కడపల్లిలో ఎక్కి నారాయణగూడ, సుల్తాన్‌బజార్ దాటి ఎంజీబీఎస్ వచ్చేలోపు ఒక ఆట సరిపోతుంది, బిళ్లను సగం దాకా జరిపి వెనక్కి తెచ్చుకునే తీరిక కూడా ఉంటుంది.